లవంగాల తగవు - పెద్దపల్లి ఎర్రవస్త్రము

ఒంగోలుకు తూర్పున సముద్రపుటొడ్డున ఉన్నది కొత్తపట్నము. అక్కడినుండి తీరము వెంబడి ఉత్తరముగా పోయినచో మోటుపల్లి, చీరాల ప్రాంతము దాటిన పిమ్మట నిజాంపట్నము వచ్చును. దాని పూర్వనామము పెద్దపల్లి. నోరు తిరుగని ఐరోపా వర్తకులు దానిని ‘పెటపోలి’ అన్నారు. పదునేడవ శతాబ్దములో ప్రపంచ వాణిజ్యమునకై పోటీపడిన హాలెండు, ఇంగ్లండు దేశములు తమ స్నేహమును, వైరమును కూడ ఈ ఇసుక తీరమునకు మోసుకొని వచ్చినవి.

వారి తగవు లవంగము, జాజికాయ, జాపత్రి, మిరియములను గూర్చి. అవి పండునది నేటి ఇండోనేషియా దీవులలో. మరి మన తీరముతో వారికేమి పని? ఆ ఉష్ణదేశపు దీవులలో ఐరోపా ఉన్నిబట్టలను అడుగువారు లేరు. వారు కోరినది మన తీరపు నూలువస్త్రము. అందులోను పెద్దపల్లి ఎరుపునకు ప్రత్యేకమైన పేరు. ఇసుకనేలలో పెరుగు చిరివేరు మొక్క వేళ్లనుండి ఆ రంగు తీసెడివారు. కంపెనీవారు ముందుగా ఇక్కడ దిగి, దళారుల ద్వారా సాలెవారికి బయానాలిచ్చి, ఏ దీవికి ఎట్టి చారలు, ఎట్టి పువ్వులు కావలెనో చెప్పి నేయించి, ఆ మూటలతో తూర్పునకు పోయి సరుకు కొనెడివారు. గుడ్డ దొరకనివానికి లవంగము దక్కుట కష్టము. మిరపకు నేడు పేరుపొందిన ఈ సీమకు ఆ మిరప కూడ అమెరికా ఖండమునుండి పోర్చుగీసువారి వెంట వచ్చినదే అనుట ఇచ్చట అప్రస్తుతమైనను, చెప్పక ఉండలేకున్నాను.

డచ్చివారు ముందు వచ్చినారు. 1606 నాటికే పెద్దపల్లిలో వారి వర్తకశాల వెలసినది. 1611లో ‘గ్లోబ్’ అను ఇంగ్లీషు ఓడ పులికాటుకు రాగా, ఇక్కడి వ్యాపారపు హక్కు మాదేనని చంద్రగిరి రాయల అనుమతిని చూపి డచ్చివారు అడ్డగించినారు. ఓడ పెద్దపల్లికి, మచిలీపట్నమునకు సాగినది. అవి గోలకొండ సుల్తానుల రేవులు. ఆ ఓడలోని ప్రధాన వర్తకుడు పీటర్ ఫ్లోరిస్ స్వయముగా డచ్చివాడగుట విశేషము!

1619లో రెండు కంపెనీల మధ్య ఒడంబడిక కుదిరినది. మిరియములలో సగము, మొలక్కా దీవుల దినుసులలో మూడవవంతు ఆంగ్లేయులకని నిర్ణయించినారు. పోటీపడి ధర పెంచుకొనక కలసి కొనవలెననియు అనుకొన్నారు. లండనులో ఇది శాంతి. సరకు అమ్మువాని వైపునుండి చూచినచో, ఇద్దరు బేరగాండ్రు ఒక్కడగుటయే. పులికాటులో ఆంగ్లేయులు సగము వర్తకమునకు, కోట ఖర్చులో సగమునకు ఒప్పుకొని చేరినారు. అయితే ఆ కాపురము ఎక్కువకాలము నిలువలేదు. 1623లో అంబోయినా దీవిలో, కోటను పట్టుకొన కుట్రపన్నినారని డచ్చివారు పదిమంది ఆంగ్లేయుల తలలు నరికించినారు. ఆ నెత్తురు గొడవ ముప్పది ఏండ్లకు పైగా నలిగి, మొదటి ఆంగ్ల-డచ్చి యుద్ధము ముగిసిన 1654 సంధిలో మృతుల వారసులకు నష్టపరిహారముగా తేలినది.

ఈ గొడవలో గోలకొండవారు చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. ఒకరికి అనుమతి ఇచ్చి, రెండవవారికి అంతకు మించిన సదుపాయము చూపి, ఇరువురిని రేవులకు రప్పించుకొన్నారు. 1634లో అబ్దుల్లా కుతుబ్‌షా ఆంగ్లేయులకు సుంకము లేకుండ వర్తకము చేయుటకు ఫర్మానా నిచ్చినాడు. రాజనీతిలో ఇది తక్కువ తెలివి కాదు.

అయితే కయ్యము మితిమీరిన రోజున ఆ తెలివి పనిచేయదు. 1673లో, మూడవ యుద్ధమునందు, పెద్దపల్లి ఎదుటి సముద్రములోనే ఇరుపక్షముల ఓడలు ఫిరంగులతో పోరాడినవి. డచ్చివారిదే పైచేయి అయినది. ఓడలు సరుకునకు గాక పోరునకు వచ్చినప్పుడు, మగ్గముపై ఉన్న గుడ్డకు కొనువాడెవడు?

చివరకు 1824 లండను సంధి ననుసరించి డచ్చివారు ఇండియాలోని తమ స్థావరములను ఆంగ్లేయులకు అప్పగించి, మరుసటి ఏడు వెడలిపోయినారు. అప్పటికే ఇంగ్లండు మిల్లుగుడ్డ మన రేవులకు దిగుమతి కాసాగినది. బేరము కుదరనప్పుడు సాలెవాడు పోయి తలుపు తట్టుటకు ఆ రెండవ కొట్టు తీరమున లేదు.