చెవికి చికిత్స ముగిసినా సంరక్షణ ముగియదు

నాకు తొమ్మిదేళ్ల ప్రాయంలో కుడిచెవికి శస్త్రచికిత్స జరిగింది. చీము చెవి వెనుక ఎముకకు పాకగా, వైద్యులు ఆ భాగాన్ని తొలిచి ప్రాణాపాయం తప్పించారు. అయితే తొలిచినచోట ఏర్పడిన గుంటలోని గులిమి తనంతట తాను వెలుపలికి రాదు. అందులో నీరు చేరితే మళ్లీ చీము కారుతుంది. చన్నీళ్లు తగిలితే కళ్లు తిరుగుతాయి. కనుక నేటికీ ఆరు నెలలకోసారి వైద్యునిచే శుభ్రం చేయించుకుంటాను. స్నానవేళ వాజిలిన్ రాసిన దూదిని చెవిలో ఉంచుకుంటాను. వుజూలోనైతే తడిచేతితో చెవిని తుడిస్తే చాలు. లోపల నీరు పోయనక్కర లేదు.

ఆ చెవికి వినికిడి తక్కువన్న సంగతి మాత్రం చాలాకాలం దాచాను. ఒకనాడు కుడివైపు కూర్చున్న బాలుడు మెల్లగా, తప్పు లేకుండా పాఠం వినిపించాడు. నాకు వినబడక మందలించాను. వాడు తలవంచుకొని కన్నీరు పెట్టుకున్నాడు. తోటివారు చెప్పాక గాని నిజం తెలియలేదు. వాడిని క్షమాపణ కోరి, నా లోపాన్ని అందరికీ తెలిపాను. నాటినుండి పిల్లలు ఎడమవైపు కూర్చొని పాఠం వినిపిస్తున్నారు.

తల్లిదండ్రులారా! బిడ్డ చెవి కారుతుంటే నూనె పోయకండి, వైద్యునికి చూపించండి. శస్త్రచికిత్స జరిగి ఉంటే, బాధ లేకున్నా గడువు తప్పక తీసుకువెళ్లండి. పిలిస్తే పలకని బిడ్డను కోప్పడేముందు, వాడికి వినబడిందో లేదో విచారించండి.