తలుపు తీసే ఉంది... దారే లేదు!

ఛత్రినాకలో ముగ్గురు ఇరుగుపొరుగువాళ్లు ఒకే వెబ్‌సైట్‌లో దరఖాస్తు నింపాలనుకున్నారనుకోండి. ఒకాయనకు బొత్తిగా చూపు లేదు. పక్కింటి పెద్దావిడకు చత్వారం. ఎదురింటి కుర్రాడిది పాత ఫోను. ఆఫీసుల చుట్టూ తిరక్కుండా ఇంట్లోనే పనైపోవాలి. కానీ... చూపులేని ఆయన ఫోను ‘బటన్‌, బటన్‌’ అంటుందే తప్ప అది దేనికో చెప్పదు. తెల్లటి తెరమీద లేత బూడిదరంగు అక్షరాలు పెద్దావిడ కంటికి ఆనవు. కుర్రాడి ఫోనులో పేజీ సగంలోనే ఆగిపోతుంది. తప్పు ముగ్గురిలో ఎవరిదీ కాదు, సైటు తయారుచేసిన తీరుది!

చెవితో చదువుతారు

చూపులేనివాళ్లు తెరమీది రాతను స్క్రీన్‌ రీడర్‌తో వింటారు. ఆండ్రాయిడ్‌లో టాక్‌బ్యాక్‌, ఐఫోన్‌లో వాయిస్‌ఓవర్‌ ఉంటాయి. కంప్యూటర్‌కైతే ఎన్‌వీడీఏ ఉచితం. ఆస్ట్రేలియాకు చెందిన మైఖేల్‌ కరన్‌, జేమ్స్‌ టే దాన్ని రూపొందించారు. ఇద్దరూ అంధులే. 2006లో మొదలైన ఆ సాఫ్ట్‌వేర్‌ తెలుగూ చదువుతుంది. అయితే ఏ బొమ్మ దేనిదో, ఏ గడిలో ఏం నింపాలో సైటు తయారుచేసినవాళ్లు రాసి ఉంచితేనే అది చెప్పగలదు.

తెలుగుకు ఒకప్పుడు ఇంకో చిక్కు. 2000ల తొలినాళ్లలో చాలా సైట్లు ఎవరి ఫాంటు వాళ్లు వాడేవి. ఆ ఫాంటు లేకపోతే తెరమీద పిచ్చి గీతలే! వాటిని యూనికోడ్‌లోకి మార్చి చూపేందుకు ఫైర్‌ఫాక్స్‌కు ‘పద్మ’ అనే తోడు పుట్టుకొచ్చింది. యూనికోడ్‌ వాడకం పెరిగాక ఆ బెడద తగ్గింది. కానీ కాగితాన్ని స్కాన్‌చేసి బొమ్మగా పెడితే స్క్రీన్‌ రీడర్‌ ఇప్పటికీ తడబడుతుంది.

ఏం చేయాలి?

అంతర్జాతీయ వెబ్‌ సంస్థ డబ్ల్యూ3సీ 1999లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. 2023లో వాటికి 2.2 రూపం వచ్చింది. మామూలు సైజు అక్షరాలకూ వెనకరంగుకూ మధ్య తేడా కనీసం 4.5:1 ఉండాలి. అక్షరాల్ని రెట్టింపు చేసినా ఏదీ తెగిపోకూడదు. మౌస్‌ లేకుండా కీబోర్డుతోనే పని సాగాలి. వీడియోలోని మాటలు కింద రాతగా రావాలి. పేజీ తేలిగ్గా ఉంటే పాత ఫోన్లకూ మేలే.

చట్టం అండ

2011 జనగణన ప్రకారం దేశంలో 2.68 కోట్ల మంది దివ్యాంగులున్నారు. వారిలో చూపు సమస్య ఉన్నవారే 50 లక్షలకు పైగా. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం సమాచార సాంకేతికత వారికి అందాలంటోంది. ఈ సౌకర్యాలపై సుప్రీంకోర్టు కోరగా నివేదిక ఇచ్చింది మన శామీర్‌పేటలోని నల్సార్‌ న్యాయ విశ్వవిద్యాలయమే. కనీస ప్రమాణాలను తప్పనిసరి చేస్తూ నిబంధనలు రూపొందించాలని 2024 నవంబరు 8న కోర్టు కేంద్రాన్ని ఆదేశించింది.

మరో కేసు యాసిడ్‌ దాడి బాధితులది. బ్యాంకు ఖాతాకు ఆన్‌లైన్‌లో గుర్తింపు నిరూపించుకోవాలంటే కళ్లార్పమంటారు. రెప్పలే దెబ్బతిన్నవాళ్లు ఎలా ఆర్పుతారు? ఆ కేసులో 2025 ఏప్రిల్‌ 30న, డిజిటల్‌ సేవలు అందుకోవడం జీవించే హక్కులో భాగమని కోర్టు తేల్చిచెప్పింది.

మీ దుకాణానికో, పిల్లల బడికో సైటుందా? మౌస్‌ పక్కనపెట్టి ట్యాబ్‌ మీటతో తిరిగి చూడండి. ఫోన్లో టాక్‌బ్యాక్‌ పెట్టి, కళ్లు మూసుకుని ఓ ఫారం నింపండి. ఎక్కడ ఆగిపోయారో అక్కడే మరమ్మతు మొదలుపెట్టాలి.