కుదురులేని మనసుకు కుదిరే పని



కిందటి కార్తీకమాసంలో ఒక ఆదివారం మంగినపూడి సముద్రతీరానికి వెళ్ళాను. నల్లమట్టి ఒడ్డు మీదికి లాగిపెట్టిన ఒక పడవలో ఒకతను ఇంజను విప్పుకుని కూర్చున్నాడు. చుట్టూ స్నానాలకు వచ్చిన జనం, పిల్లల కేకలు, నెత్తిన ఎండ. అతను మాత్రం తల ఎత్తలేదు. రెండు గంటల తరువాత నేను తిరిగి వచ్చేసరికి కూడా అక్కడే ఉన్నాడు. ఇంతలో ఇంజను టకటకమంటూ అందుకుంది. అప్పుడు చేతులు తుడుచుకుంటూ లేచి, నన్ను చూసి "నమస్కారం మాస్టారూ!" అన్నాడు.

అతను ఒకప్పటి నా విద్యార్థి. ఎనిమిదో తరగతిలో నలభై నిమిషాల పాఠంలో నాలుగు నిమిషాలైనా కుదురుగా కూర్చునేవాడు కాదు. పెన్నో, పుస్తకమో, చెప్పులో రోజూ ఏదో ఒకటి పోగొట్టుకునేవాడు. "తెలివి ఉంది, శ్రద్ధ లేదు" అని అతని ప్రోగ్రెస్ కార్డు మీద నేనే రాశాను.

నలభై నిమిషాలు కూర్చోలేని పిల్లవాడు, పెద్దయ్యాక రెండు గంటలు కదలకుండా ఎలా కూర్చోగలిగాడు? శ్రద్ధ లేదని నేను రాసిన మాట నిజమేనా? ఈ ప్రశ్నలకు శాస్త్రం చెప్పే సమాధానం ఈ నెల తెలుసుకుందాం.

పొగరూ కాదు, సోమరితనమూ కాదు

ఈ స్థితిని పొడి అక్షరాలలో ఏ.డి.హెచ్.డి. అంటారు. తెలుగులో "అవధాన లోపం, అతి చురుకుదనం" అని చెప్పుకోవచ్చు. అవధానం అంటే మనసును ఒక విషయం మీద నిలపడం.

ఇది నిన్న మొన్న పుట్టిన సంగతి కాదు. మనసు నిలకడగా ఉండని మనుషులను గురించి స్కాట్లండు వైద్యుడు అలెగ్జాండర్ క్రైటన్ 1798లోనే రాశాడు. 1902లో జార్జ్ స్టిల్ అనే పిల్లల వైద్యుడు లండనులో ఇటువంటి పిల్లల గురించి ఉపన్యాసాలిచ్చాడు. అయితే చాలాకాలం దీనిని బాల్యానికి సంబంధించిన సమస్యగానే భావించారు. పెద్దయితే దానంతట అదే పోతుందనుకున్నారు.

కొందరిలో నిజంగానే తగ్గిపోతుంది. చాలామందిలో మాత్రం రూపు మార్చుకుని ఉండిపోతుంది. పిల్లలలో వందకు సుమారు ఐదుగురికి, పెద్దలలో వందకు ఇద్దరు ముగ్గురికి ఇది ఉంటుందని అంచనా. వయసు వస్తే కాళ్ళలో పరుగు తగ్గుతుంది, మనసులో పరుగు తగ్గదు. కరెంటు బిల్లు కట్టడం మరిచిపోతారు. పది పనులు మొదలుపెట్టి రెండు పూర్తి చేస్తారు. గంటలో అయిపోతుందనుకున్న పనికి పూటంతా పడుతుంది. ఇల్లూ, ఆఫీసూ కూడా "బాధ్యత లేని మనిషి" అంటాయి. విని విని వాళ్ళూ అదే నిజమని నమ్ముతారు. అన్నిటికంటె పెద్ద నష్టం ఇదే.

కాలువలో నీళ్ళున్నాయి, తూము తలుపే కదలదు

మనది కృష్ణా డెల్టా. విజయవాడ దగ్గర ప్రకాశం బ్యారేజీ నుంచి బయలుదేరిన నీరు బందరు కాలువలో పడి, పిల్ల కాలువల గుండా చివరి పొలాల దాకా రావాలి. ఒక్కొక్కప్పుడు కాలువ నిండుగా పారుతూనే ఉంటుంది. కాని తూము తలుపు బిగుసుకుపోతే కావలసిన చేనుకు నీరందదు. తలుపు ఊడిపోతే అక్కర్లేని చేను మునుగుతుంది. ఆ తప్పు నీటిదా? తూముదా?

ఏ.డి.హెచ్.డి. ఉన్నవారి సంగతీ ఇంతే. వారిలో అవధానం లేకపోలేదు. దానిని కావలసినప్పుడు కావలసిన చోటికి మళ్ళించే ఏర్పాటు సరిగా పనిచేయదు. అందుకే ఆసక్తి కలిగిన పనిలో మునిగితే అన్నం సంగతి కూడా గుర్తుండదు. ఆసక్తి కలగని పనిలో పది నిమిషాలు నిలవడమూ కష్టమే.

ఈ తూము మన మెదడులో నుదుటి వెనుక భాగంలో ఉంటుంది. ఏది ముందు చేయాలి, దేనిని ఆపాలి, ఎంతసేపట్లో ముగించాలి అని ఆలోచించేది ఆ భాగమే. అక్కడి నాడీకణాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడానికి డోపమిన్, నార్ ఎడ్రినలిన్ అనే రసాయనాలు కావాలి. ఏ.డి.హెచ్.డి.లో ఈ రసాయన సందేశాల తీరులో తేడా ఉంటుందని శాస్త్రజ్ఞులు భావిస్తున్నారు. అమెరికాలో ఫిలిప్ షా బృందం పిల్లల మెదడు చిత్రాలను ఏళ్ళ తరబడి పోల్చి చూసి, 2007లో ఫలితాలు ప్రకటించింది. మామూలు పిల్లల మెదడు పై పొరలో సగభాగం సుమారు ఏడున్నర ఏళ్ళకు పూర్తి మందానికి చేరితే, ఈ పిల్లలలో అందుకు పదిన్నర ఏళ్ళు పట్టింది. పెరుగుదల దారి ఒకటే. నడక ఆలస్యం, అంతే!

ఈ స్థితి వంశపారంపర్యంగా రావడం ఎక్కువ. తల్లిదండ్రుల పెంపకం చెడ్డదై వచ్చేది కాదు. నా విద్యార్థి సంగతి బయటపడింది కూడా ఇలాగే. తన కొడుకును వైద్యుడికి చూపించడానికి వెళితే, ఆయన అడిగిన ప్రశ్నలన్నిటికీ "చిన్నప్పుడు నేనూ ఇంతేనండీ" అని తండ్రి జవాబిచ్చాడట. అప్పటికి అతనికి ముప్పై నాలుగేళ్ళు.

ఆరు ఉద్యోగాల కథ

అంతవరకూ అతను ఆరు ఉద్యోగాలు మారాడు. ఒక దుకాణంలో పద్దులు రాశాడు. ఒక ఆఫీసులో కాగితాలు సర్దాడు. ప్రతిచోటా మొదటి నెల మెచ్చుకున్నారు, మూడో నెలలో చీవాట్లు పెట్టారు, ఏడాది తిరగకుండానే వెళ్ళమన్నారు. మొదటి నెలలో పని కొత్త. కొత్తదనం ఉన్నంతకాలం తూము తలుపు తేలికగా తెరుచుకుంటుంది. పాతబడ్డాక మొరాయిస్తుంది.

ఫలితం దక్కే సమయం కూడా ముఖ్యమే. ఈ రోజు రాసిన పద్దు విలువ మార్చి నెలాఖరుకు గాని తెలియదు. అంత దూరాన ఉన్న ఫలితం ఇటువంటి మెదడును కదిలించలేదు. ఇంజను అలా కాదు. మర బిగించగానే చప్పుడు మారుతుంది. తప్పయితే వెంటనే తెలుస్తుంది, ఒప్పయితే వెంటనే తెలుస్తుంది. పైగా రేపు తెల్లవారుజామున వేటకు వెళ్ళవలసిన పడవవాళ్ళు పక్కనే నిలబడి ఉంటారు!

పని పేరు కాదు, పని తీరు

అయితే ఏ.డి.హెచ్.డి. ఉన్నవారంతా మెకానిక్కులు కావాలా? కానక్కరలేదు. వారిలో వైద్యులు, ఉపాధ్యాయులు, రైతులు అందరూ ఉన్నారు. చూడవలసింది పని పేరు కాదు, పని తీరు. ఈ నాలుగు ప్రశ్నలు వేసుకోవాలి.

1. ఫలితం ఎంతసేపట్లో కనబడుతుంది?
2. ఒళ్ళు కదిలే వీలుందా, రోజంతా కుర్చీలోనేనా?
3. రోజురోజుకూ కొత్త చిక్కుముడి వస్తుందా?
4. గడువు గుర్తుచేసేవారు, పని కోసం ఎదురుచూసేవారు ఉన్నారా?

జవాబులు మనిషిని బట్టి మారతాయి. మన పెడనలో కలంకారీ అద్దకం చూడండి. చెక్క అచ్చును రంగులో ముంచి గుడ్డ మీద అద్దగానే పువ్వు కనబడుతుంది. ఫలితం వెంటనే దక్కినట్టే. కాని అదే పువ్వును రోజంతా వందలసార్లు అద్దాలంటే ఒకరికి విసుగు, మరొకరికి హాయి. ఎవరికి వారే పరీక్షించుకోవాలి.

ఎంత కుదిరిన పనిలోనైనా కుదరని ముక్క ఒకటి ఉంటుంది. ఇంజన్ల దగ్గర దిట్ట అయిన నా విద్యార్థి, చేసిన పనికి డబ్బు అడగడం మరిచిపోయేవాడు! ఇప్పుడు లెక్కల పుస్తకం అతని భార్య చూస్తోంది. మర్నాటి పనులను అతను ముందురోజు సాయంత్రమే పలక మీద రాసి గోడకు తగిలిస్తాడు. మనసు మోయలేని బరువును పలక మోస్తుందన్నమాట. ఇందులో సిగ్గుపడవలసిందేమీ లేదు. చూపు ఆననివారు కళ్ళజోడు పెట్టుకోవడం లేదూ?

ఒకే దారిలో నడవాలా?

"ఉద్యోగాలు మారేవాడు పనికిరానివాడు" అని పెద్దలు అంటూంటారు. బందరుకు దగ్గరలోని భట్లపెనుమర్రులో 1876లో పుట్టిన పింగళి వెంకయ్యగారిని తలుచుకోండి. బోయర్ యుద్ధంలో సైనికుడిగా దక్షిణాఫ్రికా వెళ్ళారు. రైల్వేలో గార్డుగా పనిచేశారు. బందరులోని ఆంధ్ర జాతీయ కళాశాలలో బోధించారు. పత్తి వంగడాలపై కృషిచేసి "పత్తి వెంకయ్య", జపాను భాష నేర్చి "జపాన్ వెంకయ్య", వజ్రాల గనులను పరిశోధించి "డైమండ్ వెంకయ్య" అనిపించుకున్నారు. 1916లో జాతీయ పతాకంపై పుస్తకం ప్రచురించారు. 1921లో విజయవాడలో గాంధీజీకి పతాకం నమూనా అందించారు.

ఆయనకు ఏ.డి.హెచ్.డి. ఉందని నేను అనడం లేదు సుమా! గతించిన వారికి రోగాల పేర్లు తగిలించడం శాస్త్రం కాదు. జీవితంలో దారులు మారినంత మాత్రాన మనిషి దారి తప్పినట్టు కాదని చెప్పడమే నా ఉద్దేశం.

ఇక తమకు ఏ.డి.హెచ్.డి. ఉందని స్వయంగా చెప్పినవారూ ఉన్నారు. "పుష్ప"లో పోలీసు అధికారిగా నటించిన మలయాళ నటుడు ఫహద్ ఫాజిల్, నలభై ఒకటో ఏట తనకు ఈ సంగతి తెలిసిందని 2024లో చెప్పారు. ఒలింపిక్స్‌లో 28 పతకాలు గెలిచిన ఈతగాడు మైఖేల్ ఫెల్ప్స్‌కు తొమ్మిదో ఏటనే తెలిసింది. లోపం ఉంది కనుకనే వీరు గొప్పవారయ్యారని అనుకోకండి. సరిపడే పని, సాధన, అండగా నిలిచే మనుషులు మూడూ దొరకడం వల్ల లోపం వీరికి అడ్డు కాలేదు.

మందులు ఉన్నాయా?

ఉన్నాయి. 1937లో అమెరికాలో చార్లెస్ బ్రాడ్లీ అనే వైద్యుడు, ఉత్తేజం కలిగించే ఒక మందు ఇస్తే అల్లరి పిల్లలు మరింత రేగిపోకుండా కుదురుకుని చదవడం గమనించాడు. కొందరు పిల్లలు వాటికి "లెక్కల మాత్రలు" అని పేరు కూడా పెట్టారు! ఉత్తేజపరిచే మందు శాంతపరచడమేమిటి? అది ఉత్తేజపరిచేది ఇందాక మనం చెప్పుకున్న తూమును. డోపమిన్ సందేశం బలపడితే తలుపు మాట వింటుంది. నేడు వాడే మిథైల్ ఫెనిడేట్ వంటి మందులూ ఈ కోవలోవే. వైద్యుడు రాసిస్తే తప్ప వీటిని ముట్టుకోకూడదు. మందుతో పాటు, పనులను క్రమంలో పెట్టుకునే శిక్షణ కూడా అవసరం.

చేసి చూడండి

కళ్ళు మూసుకుని, అంకెలు లెక్కపెట్టకుండా, ఒక నిమిషం అయిందనిపించగానే చేయి ఎత్తండి. స్నేహితుడిని గడియారం చూడమనండి. కాలాన్ని మనసుతో కొలవడం ఎంత కష్టమో తెలుస్తుంది. ఇది రోగపరీక్ష కాదు. ఏ.డి.హెచ్.డి. ఉన్నవారికి ఈ కొలత మరింత తప్పుతుంది. అందుకే గోడ గడియారం వారికి మంచి నేస్తం.

రెండోది. ఒక వారం రోజులు, ఏ పనిలో మీకు కాలం తెలియలేదో, ఏ పనిలో ఆవలింతలు వచ్చాయో రాయండి. పై నాలుగు ప్రశ్నలతో సరిచూడండి. మీ మనసు ఎటువంటిదైనా, రేపు వృత్తిని ఎంచుకునేటప్పుడు ఆ కాగితం పనికొస్తుంది.

అప్పుడప్పుడు పరధ్యానం అందరికీ ఉంటుంది. లక్షణాలు పన్నెండేళ్ళ లోపే మొదలై, ఆరు నెలలకు మించి, ఇంట్లోనూ బయటా కూడా జీవితానికి అడ్డు తగులుతుంటేనే ఏ.డి.హెచ్.డి. అని వైద్యులు ఆలోచిస్తారు. అనుమానముంటే మానసిక వైద్యుడిని కలవాలి. ప్రభుత్వ "టెలి మానస్" వారికి 14416 నంబరుకు ఫోన్ చేస్తే ఉచితంగా సలహా చెబుతారు.

ఆ ప్రోగ్రెస్ కార్డు ఇప్పుడు నా చేతికి వస్తే ఇలా రాస్తాను: "చేతిపనిలో అపారమైన శ్రద్ధ ఉంది. రాతపనిలో సాయం కావాలి." మీ పక్క బెంచీలో పెన్ను పోగొట్టుకున్న స్నేహితుడు ఉంటే, వేళాకోళం చేయకండి. మీ దగ్గరున్న రెండో పెన్ను అందించండి.