వేలిముద్ర చాలదు, రోగి మాట వినాలి
వైద్య పరిశోధనల్లో ప్రజల భాగస్వామ్యంపై పెరుగుతున్న దృష్టి

ఇందా (ఖరగ్‌పూర్): రైల్వే కొలువుల కోసం ఉత్తరాంధ్ర జిల్లాల నుంచి తరలివచ్చిన కుటుంబాలు ఖరగ్‌పూర్‌లో స్థిరపడి తరాలు గడిచాయి. ఇందాతో సహా పట్టణంలోని తెలుగువారికి బజారులో బెంగాలీ, పనిచోట హిందీ అలవాటే. ఒంట్లో నలతగా ఉన్నప్పుడు మాత్రం నోట వచ్చేది ఇంటి భాషే. అటువంటి రోగి వద్దకు పరిశోధకులు వచ్చి అంగీకార పత్రంపై సంతకం పెట్టమంటే ఆ పత్రం ఏ భాషలో ఉండాలి? అందులోని విషయాన్ని ఎవరు వివరించాలి?

తెలుగుకు అధికార భాష హోదా కల్పించాలని పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం 2020 డిసెంబరులో నిర్ణయించింది. ఈ హోదా కార్యాలయాల దరఖాస్తులకే పరిమితమైతే ప్రయోజనం సగమే. రోగి ప్రాణానికి సంబంధించిన కాగితాలకు ఆ అవసరం మరింత ఎక్కువ. అయితే పత్రం తెలుగులో ఉన్నంత మాత్రాన సరిపోదని తెలుగు నేలపైనే ఒకసారి రుజువైంది.

ఖమ్మం అనుభవం

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను నివారించే టీకాపై 2009 జూలైలో ఖమ్మం జిల్లాలో ఒక అధ్యయనం మొదలైంది. అమెరికాకు చెందిన పాత్ సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వం ఇందులో పాలుపంచుకున్నాయి. భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ల బాలికలు దాదాపు 14 వేల మందికి టీకా వేశారు. వారిలో పలువురు గిరిజన వసతి గృహాల్లో చదువుకుంటున్నవారు. కొందరు బాలికల మరణాలపై ఆందోళన చెలరేగడంతో 2010 ఏప్రిల్‌లో అధ్యయనం నిలిచిపోయింది.

ఆ మరణాలకు టీకా కారణమని విచారణలో తేలలేదు. తేలింది మరొకటి. పరిశీలించిన 9,543 అంగీకార పత్రాల్లో 1,948 పత్రాలపై వేలిముద్రలే ఉన్నాయి. 2,763 పత్రాలపై తల్లిదండ్రులకు బదులు వసతి గృహాల వార్డెన్లు సంతకాలు చేశారు. పార్లమెంటరీ స్థాయీ సంఘం 2013 ఆగస్టు నివేదికలో ఈ తీరును తీవ్రంగా తప్పుపట్టింది.

ఈ రకం టీకాలను ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేస్తోంది. అయినా ఖమ్మం ఘటన తర్వాత పదేళ్లకు పైగా జాతీయ టీకాల కార్యక్రమంలో దానికి చోటు దక్కకుండా పోయింది. అందుకు కారణాలు పలు ఉన్నా, సడలిన నమ్మకం వాటిలో ఒకటి. అడగవలసిన వారిని అడగకపోతే మేలు చేసే మందు సైతం అనుమానం పాలవుతుంది.

ఉద్దానం ప్రశ్న

హౌరా నుంచి చెన్నై వెళ్లే రైలు మార్గంలో ఖరగ్‌పూర్ దాటి ఒడిశా మీదుగా ఆంధ్రలో అడుగుపెట్టగానే ఎదురయ్యేది ఉద్దానం. కవిటి, సోంపేట, కంచిలి తదితర మండలాల్లో మూత్రపిండాల వ్యాధి ఏళ్ల తరబడి ప్రాణాలు తీస్తోంది. స్వదేశీ, విదేశీ బృందాలు అనేకం రక్తం, మూత్రం, తాగునీటి నమూనాలు సేకరించాయి. మూలకారణం ఇదేనని నిర్ధారణగా తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయి.

ఇక్కడ తలెత్తేది మరో ప్రశ్న. రక్తం ఇచ్చిన రైతుకు ఫలితం తెలియజేసే బాధ్యత ఎవరిది? ఎండలో ఎన్ని గంటలు పనిచేస్తాడో, ఏ బావి నీరు తాగుతాడో, ఏ మందులు చల్లుతాడో చెప్పగలిగినది ఆ రైతే. అతడిని నమూనాగా మాత్రమే చూస్తే అతడి అనుభవం పరిశోధనకు అందదు.

నిబంధనలు ఏమంటున్నాయి?

పాల్గొనే వ్యక్తికి అర్థమయ్యే భాషలో సమాచారం ఇవ్వాలని 2019 నాటి నూతన ఔషధాలు, క్లినికల్ ప్రయోగాల నియమాలు నిర్దేశిస్తున్నాయి. చదువురాని వారి విషయంలో నిష్పాక్షికమైన సాక్షి సమక్షంలోనే అంగీకారం తీసుకోవాలి. పరిశోధనలను పరిశీలించే ఎథిక్స్ కమిటీలో ఒక సామాన్య పౌరుడు, ఒక మహిళ తప్పనిసరి. స్థానిక ప్రజలను సంప్రదించాలని భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాలు సూచిస్తున్నాయి.

తమ గురించి తీసుకునే నిర్ణయాల్లో తమకూ స్థానం ఉండాలని 1983లో అమెరికాలోని డెన్వర్‌లో ఎయిడ్స్ బాధితులు చాటారు. బ్రిటన్‌లో 2004లో ఏర్పాటైన జేమ్స్ లిండ్ అలయన్స్ ద్వారా ఏ అంశంపై ముందుగా పరిశోధన జరగాలో రోగులు, వైద్యులు ఒకే బల్ల వద్ద కూర్చుని తేల్చుకుంటున్నారు.

మన నియమాలు కాగితంపై పటిష్ఠంగానే ఉన్నాయి. వాటిని ఇంటి గడప దాకా తీసుకువెళ్లడమే మిగిలింది. పరిశోధన మొదలుకాక ముందే అడగడం, అర్థమయ్యేలా చెప్పడం, కాదన్నవారి చికిత్సకు లోటు రానీయకపోవడం, ముగిశాక ఫలితం వినిపించడం: ఖమ్మం గూడేనికైనా, ఉద్దానం పల్లెకైనా, ఇందా బస్తీకైనా కావలసినవి ఇవే.