లేసు సూది పట్టిన రోజు

వేసవి సెలవులు వచ్చాయంటే మన సంఘాల్లో చాలామంది కుటుంబసమేతంగా ఏదో ఒక ఊరు చూచి వస్తారు. వచ్చేటప్పుడు ఫోటోలు, మిఠాయి పొట్లాలు తెస్తారు. మేమూ ఇన్నేళ్ళూ అలాగే తిరిగాము. గత వేసవిలో మాత్రం మా అమ్మాయి పట్టుబట్టింది. "ఈసారి చూచి రావడం కాదు నాన్నా, ఏదైనా ఒక పని నేర్చుకుని వద్దాం" అన్నది. ఎక్కడికని ఆలోచిస్తుంటే మా ఆవిడ నెమ్మదిగా, "ముందు మీ ఊరే వెళ్దాం. మీ అమ్మగారి పని మీకే రాదు కదా" అన్నది.

ఆ మాట మాకు గుచ్చుకుంది. మాది నరసాపురం దగ్గర ఒక పల్లె. మా అమ్మ లేసు అల్లేది. వంట ముగించి అరుగు మీద కూర్చుంటే దీపాలు పెట్టే వేళదాకా అల్లేది. అన్నాలయ్యాక కరెంటు ఉంటే మళ్ళీ కూర్చునేది. మా పుస్తకాలు, పరీక్ష ఫీజులు, క్రిస్మసు బట్టలు అన్నీ ఆ దారంలోనుంచే వచ్చాయి. అయినా వేదాంత విద్యకు దరఖాస్తు పెట్టుకున్నప్పుడు 'తల్లి వృత్తి' అన్నచోట 'ఏమీ లేదు' అని రాశాము. అలా రాయమని ఎవరూ చెప్పలేదు.

అలా తలచింది మేమొక్కరమే కాదు. మారియా మీస్ అనే జర్మనీ సామాజిక శాస్త్రవేత్త నరసాపురం లేసు స్త్రీల మధ్య ఉండి పరిశోధన చేసి 1982లో ఒక పుస్తకం ప్రచురించింది. వారు అల్లిన సరుకు విదేశాలకు ఎగుమతి అవుతోంది. రోజుకు ఎన్నో గంటలు కష్టపడుతున్నారు. అయినా లోకం వారిని పనివారిగా లెక్కించదు, ఇంటిపట్టున ఉండి తీరికవేళ ఏదో అల్లుకునే ఆడవాళ్ళని అంటుంది, కూలీ కూడా ఆ లెక్కనే ఇస్తుంది. ఆమె ఎత్తిచూపిన సంగతి ఇదే. ఆ మాటలు మా దరఖాస్తు చూచి రాసినట్టే ఉన్నాయి.

ఈ పనికి మన సంఘ చరిత్రతో చుట్టరికం ఉంది. 1836లో ఇంగ్లండునుండి వచ్చిన విలియం బౌడెన్, జార్జి బీర్ దంపతులు గోదావరి డెల్టాలో సువార్త పని ప్రారంభించారు. లేసు అల్లికను ఈ ప్రాంతపు బీద స్త్రీలకు నేర్పినది ఆ శతాబ్దంలో వచ్చిన మిషనరీ కుటుంబాల స్త్రీలే. తరువాత అది సంఘం గోడలు దాటింది. ఆడవారు గడప దాటి కూలికి పోని ఇళ్ళలోకి కూడా వెళ్ళింది, ఎందుకంటే ఇది ఇంట్లో కూర్చుని చేసే పని. ఆ సౌకర్యమే వారి కష్టాన్ని కనబడకుండా చేసిందని ఇప్పుడు అనిపిస్తుంది. నరసాపురం లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. గుర్తింపు పేరుకు వచ్చింది. చేతులకు ఎంతవరకు వచ్చిందో వారినే అడగాలి.

అమ్మ ప్రభువునందు నిద్రించి ఆరేళ్ళయింది. ఆమెతో కలిసి అల్లిన పిన్నిగారు ఒకరు ఇంకా ఆ పనే చేస్తున్నారు. వారింటి అరుగు మీదనే మా బడి. "రండి అయ్యగారూ" అని మర్యాదగా చాప వేశారు. పది నిమిషాలకు దారం చిక్కుపడేసరికి ఆ మర్యాద కాస్తా "ఒరేయ్ బాబూ, అలా బిగించి లాగేస్తే ఎలాగరా" అయింది! మాకు అదే హాయి అనిపించింది.

పని చూడటానికి తేలిక. కొసన చిన్న కొక్కెం ఉన్న సూది కుడిచేతిలో, తెల్లని నూలు దారం ఎడమచేతి చూపుడువేలి మీద. మొదట గొలుసు. దాన్ని గుండ్రంగా కలిపితే నడుమ కన్ను వస్తుంది. కన్నులోకి సూది దూర్చి, దారం చుట్టి లాగుతూ చుట్టూ రేకులు లేపాలి. కష్టమంతా ఎడమచేతి వేలిదే. దారాన్ని ఎంత వదలాలో, ఎంత పట్టాలో ఆ వేలికి తెలియాలి. బిగిస్తే పువ్వు గిన్నెలా ముడుచుకుంటుంది, వదిలితే అంచు అలలు అలలుగా లేస్తుంది. పిన్నిగారు మాతో మాట్లాడుతూ, వీధిలో పోయేవారిని పలకరిస్తూ, చేతివంక చూడకుండా అల్లేస్తున్నారు. అమ్మాయి ఒక పువ్వు పూర్తిచేసేసరికి గంట దాటింది. మా పువ్వు ముడతలు పడి చెమటకు నల్లబడింది. పిన్నిగారు దాన్ని విప్పేసి దారం మళ్ళీ ఉండకు చుట్టేశారు. నూలు వృథా చేయకూడదు మరి. నూలు ఇచ్చేది ఏజెంటు, అల్లినది లెక్కచూచి పట్టుకుపోయేదీ ఏజెంటే.

ఇంకొక సంగతి మాకు అక్కడే తెలిసింది. ఒక బల్లగుడ్డను ఒక్కరే అల్లరు. ఒకరు పువ్వులు అల్లితే, వేరొకరు వాటిని కలిపే అతుకుపని చేస్తారు. కొన్ని వందల పువ్వులు అల్లిన మనిషి, అవి ఏ గుడ్డగా మారాయో చూడకుండానే ఉండిపోవచ్చు. "చూసి ఏం చేస్తాంలే" అన్నారు పిన్నిగారు. ఇప్పుడు యంత్రం మీద నేసిన చవక లేసు బజారులో నిండింది. కొక్కెంతో వేసే ముడి యంత్రానికి రాదు. అయితే దూరంనుండి చూచి ఆ తేడా కనిపెట్టే కొనుగోలుదారులు ఎందరు?

బయలుదేరేముందు ఒక తడబాటు. మా మూలంగా పిన్నిగారికి పూట పని పోయింది. డబ్బు ఇవ్వబోతే చిన్నబుచ్చుకున్నారు. "మీ అమ్మ కొడుకు దగ్గర తీసుకుంటానా?" మా ఆవిడ తెలివిగలది. "ఇది చుట్టరికానికి కాదండీ పిన్నిగారూ, మా పిల్లకి చదువు చెప్పినందుకు" అంటూ చేతిలో పెట్టింది. ఫీజు అనేసరికి తీసుకున్నారు. అమ్మకు అలా ఎవరైనా ఫీజు ఇచ్చారా అని మేము కారులో లెక్కవేసుకుంటూ కూర్చున్నాము.

మర్నాడు పాలకొల్లు మీదుగా సిద్ధాంతం వచ్చి, వంతెన దాటి రావులపాలెం, అక్కడినుండి ఆత్రేయపురం చేరాము. పూతరేకుల ఊరు. వీరికి భౌగోళిక గుర్తింపు 2023లో వచ్చింది. ఇక్కడ శిష్యురాలు మా ఆవిడ. వంటలో మా సంఘంలో పేరున్న మనిషి గనుక ధైర్యంగానే కూర్చుంది.

నానబెట్టి రుబ్బిన బియ్యప్పిండిని పాలలా పలుచగా కలుపుతారు. ఇందుకు జయ రకం బియ్యం వాడతారు. బోర్లించిన కుండ కింద ఎండు కొబ్బరాకుల మంట. పలుచని గుడ్డను పిండిలో ముంచి కుండ మీదుగా ఒక్కసారి లాగితే, కన్ను మూసి తెరిచేలోగా కాగితంకన్నా పలుచని రేకు లేస్తుంది. ఆ ఒక్కసారిలోనే ఉంది కిటుకంతా. మంట ఎక్కువైతే రేకు పేలుతుంది, తగ్గితే కుండను వదలదు. మా ఆవిడ లాగిన మొదటి పదకొండు రేకులూ చిరిగాయి. "చేతిని ఆపకండమ్మగారూ, మధ్యలో ఆలోచిస్తున్నారు" అన్నదా అక్క నవ్వుతూ. పన్నెండోది నిలిచింది గానీ ఒక మూల మందం. నెయ్యి రాసి, పంచదార పొడి చల్లి మడవడం మాత్రం వెంటనే వచ్చింది; అది అందరికీ వస్తుందట!

మే నెల, ఎదురుగా మంట. అరగంటకే మేము వాకిట్లోకి వచ్చేశాము. ఆమె లేవలేదు. చిరిగిన రేకులు ఆమె లెక్కలోకి రావు గనుక, వాటికి కూడా కట్టి ఇచ్చాము. రోడ్డు మీద దుకాణంలో ఒకాయన పెట్టెకు పది రూపాయలు తగ్గించమని గట్టిగా బేరమాడుతున్నాడు. వెనుక ఒకసారి ఇటు వచ్చినప్పుడు మేమూ బేరమాడినవారమే. ఈసారి అడిగినంత ఇచ్చి మాట్లాడకుండా వచ్చేశాము.

మీలో ఎవరికైనా ఇలా వెళ్ళాలని ఉంటే దూరాలు పోనక్కరలేదు. వరాహ నది ఒడ్డున ఏటికొప్పాకలో అంకుడు కర్రతో లక్క బొమ్మలు చేస్తారు. కొండపల్లిలో తెల్లపొణికి కర్రతో చేస్తారు. ముందుగా కబురు పెట్టి, వారికి వీలైన పూటే వెళ్ళండి. పండుగ సీజనులో పోతే వారి పని చెడుతుంది. ఫోటో చివర అడగండి. కొరింథులో పౌలు అకుల ఇంట్లో కూర్చుని డేరాలు కుట్టాడంటే అతని చేతికి ఆ పని ముందే వచ్చు. మనకు రాదు గనుక, మనం పాడుచేసే సరుకు ఖరీదు కూడా దగ్గర పెట్టుకుని వెళ్ళాలి.

ఇంటికి వచ్చిన తరువాతి ఆదివారం ప్రభువు బల్ల సిద్ధపరుస్తుంటే, దాని మీద పరిచే గుడ్డ అంచు మొదటిసారి దగ్గరగా చూచాము. అమ్మ అల్లి ఇచ్చినదే అది. ఏళ్ళ తరబడి దాని ఎదుట నిలబడి రొట్టె విరిచాము. అమ్మాయి వచ్చి అతుకులు ఎక్కడెక్కడ ఉన్నాయో వేలు పెట్టి చూపించింది. ఒక మూల పువ్వు దగ్గర ఆగి రేకులు లెక్కపెట్టి, "నాన్నా, నానమ్మ ఇక్కడ ఒకటి తక్కువ వేసింది" అన్నది. నిద్రమత్తులో అల్లి ఉంటుంది.