కళాశాల నియమములు – క్రొత్తవారియెడ మెలగు తీరు

మా విద్యార్థులు పెక్కురు ఈ పాఠశాల విడిచి ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల కళాశాలలలో జేరుదురు. క్రొత్తగా వచ్చినవారిని పరిహాసమను నెపమున అవమానించుటయే ర్యాగింగు. అది వినోదము గాదు, నేరము. 1997 నాటి ఆంధ్రప్రదేశ్ చట్టము ననుసరించి అవమానించినవారికి 6 నెలల వఱకును, కొట్టినవారికి 1 సంవత్సరము వఱకును, నిర్బంధించినవారికి 2 సంవత్సరముల వఱకును చెఱసాల శిక్ష విధింపవచ్చును. ఫిర్యాదు నుపేక్షించిన ప్రిన్సిపాలును నేరమునకు దోడ్పడినవానిగా నెంచబడును. 2009 నాటి నిబంధనలచే విద్యార్థియు, తలిదండ్రులును ప్రమాణపత్రము లీయవలెను. వానిని చదువక సంతకము చేయరాదు.

బాధితుడు సిగ్గుచే మౌనము వహించును; చూచినవాడు భయముచే మౌనము వహించును. ఈ రెండు మౌనములే దోషికి బలము. కావున చూచినది పెద్దలకు దెలుపుడని మేము విద్యార్థులను కోరుచున్నాము. నియమము దండించుటకే గాదు, ఒంటరివానిని గాచుటకును ఏర్పడినది.