దుప్పి కంటికి ఎర్రచీర ఎరుపు కాదు

కంది చేను చుట్టూ పాత చీరలు కట్టడం మెట్ట ప్రాంతాల్లో మామూలే. దుప్పులూ, జింకలూ చేలో పడకుండా చేసే ఉపాయమిది. ఎర్రచీరయితే జంతువు మరింత జడుస్తుందని కొందరంటారు. ఇందులో నిజమెంత?

మనిషి కంట్లో రంగుల్ని పసిగట్టే కణాలు మూడు రకాలు. దుప్పి కంట్లో రెండే. ఒకటి నీలాన్ని, రెండోది పచ్చను పడతాయి. ఎరుపును విడదీసి చూపే మూడో రకం లేదు. తెల్లతోక దుప్పులపై అమెరికా శాస్త్రజ్ఞులు జరిపిన పరీక్షల్లో ఈ సంగతి తేలింది. ఆ ఫలితాలు 1994లో అచ్చయ్యాయి.

అమెరికాలోని అనేక రాష్ట్రాల్లో వేటగాడు నారింజ రంగు తొడుక్కోవాలని చట్టముంది. తోటివాడి తూటా తగలకుండా ఈ జాగ్రత్త. మన కంటికి నిప్పులా మండే ఆ చొక్కా దుప్పికి ఆకుల్లో కలిసిపోతుంది. నీలిరంగు తొడిగితే మాత్రం ఇట్టే కనిపెడుతుంది. ఈ కిటుకు వేటగాడి కంటే ముందు పులిది. దాని నారింజ ఒళ్లు దుప్పికి గడ్డి రంగే!

రంగు తెలియకపోతేనేం, కదలిక తెలుస్తుంది. కళ్లు తలకు రెండు పక్కలా ఉంటాయి గనుక తల తిప్పకుండానే చాలామేర చూస్తుంది. కంటి వెనక అద్దం లాంటి పొర ఉండడంతో మసక వెలుతురులోనూ చూపు ఆనుతుంది. లైటు పడితే కళ్లు మెరిసేది ఆ పొర వల్లే. దొంగ వేటగాళ్లకు అదే ఆసరా. 1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టం కింద ఈ వేట నేరం.

కాబట్టి చీర పనిచేసేది ఎరుపు వల్ల కాదు, గాలికి ఊగడం వల్ల. తెలుపు, నీలం అయితే మరీ మంచిది. ఒకేచోట వదిలేస్తే జంతువు అలవాటుపడుతుంది. అప్పుడప్పుడు తావు మార్చాలి. కదలని దిష్టిబొమ్మ నాలుగు రోజుల ముచ్చటే. కరెంటు తీగ జోలికి మాత్రం పోవద్దు. అది చట్టవిరుద్ధం, పైగా రైతులూ, కూలీలూ, పశువులూ దానికి బలైపోతున్నారు.

అయితే చీరలతోనే తీరే కష్టమా ఇది? కర్నూలు ప్రాంతపు రోళ్లపాడులో 1988లో బట్టమేక పిట్ట కోసం అభయారణ్యం పెట్టారు. అక్కడ కృష్ణజింకలు పెరిగి పక్క చేలల్లో పడ్డాయి. జింకను కాపాడాల్సిందే, కాదనం. కాని ఆ ఖర్చు నాలుగెకరాల రైతు ఒక్కడే మొయ్యాలా? కంచె వేయించడం, పంట పోతే సకాలంలో నష్టపరిహారం ఇవ్వడం ప్రభుత్వం పూచీ. రైతులు సంఘటితంగా అడగాల్సింది ఇదే.